మీ రాత మరొకరి పేరుతో తిరిగొస్తే

డిసెంబరులో ఒక ఉదయం ఆఫీసు బస్సు మారతహళ్లి వంతెన దగ్గర కదలకుండా నిలబడి ఉంది. మా టీములో పనిచేసే కడప కుర్రాడు వాట్సాప్‌లో ఒక పొడవాటి రాత పంపాడు. కింద ఒక ముక్క: "అన్నా, చదవండి. అచ్చం మీ అమ్మగారిని చూసి రాసినట్టే ఉంది." చూసి రాసినట్టు ఉండడమేమిటి, అది మా అమ్మ గురించే. రాసింది నేనే. అడుగున మాత్రం సికింద్రాబాదుకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి పేరు ఉంది.

ఆ రోజు నేను చేసిన పనుల్లో సగం తప్పులు. మా కాలనీ తెలుగువాళ్ల గ్రూపుకు అడ్మిన్లలో నేనూ ఒకణ్ని కాబట్టి, ఇలాంటి తగవును రాసినవాడిగానూ చూశాను, తీర్పు చెప్పాల్సినవాడిగానూ చూశాను. తప్పులు తీసేసి, ఏ పని తర్వాత ఏది చేయాలో వరుసగా చెబుతాను. మొత్తం మీద లెక్క ఒకటే: ఆధారాలు నిమిషాల్లో పట్టాలి, ఆరోపణకు రోజులు తీసుకోవాలి. నేను దీన్ని తిరగేసి చేశాను.

నోరు విప్పకముందే ఆధారాలు దాచుకోండి

గ్రూపులో "ఇది నాది" అని అరవాలనిపిస్తుంది. అరిస్తే అవతలివాళ్లు చేసే మొదటి పని తుడిచేయడం. వాట్సాప్‌లో పంపినవాళ్లు తమ సందేశాన్ని అందరి ఫోన్లలోనూ తీసేయడానికి రెండు రోజులకు పైగా గడువుంటుంది. పంపిన 15 నిమిషాల లోపు మార్చుకోనూ వచ్చు. ఫేస్‌బుక్‌లోనైతే గడువే లేదు, ఎప్పుడైనా తీసేయవచ్చు, ఎప్పుడైనా దిద్దవచ్చు. అందుకే ముందు స్క్రీన్‌షాట్.

స్క్రీన్‌షాట్ అంటే రాత ఒక్కటే తీస్తే చాలదు. గ్రూపు పేరు, పంపినవారి పేరు లేదా నంబరు, తేదీ, సమయం, మొదటి వాక్యం నుంచి చివరి పేరు దాకా మొత్తం పాఠం, ఇవన్నీ కనిపించాలి. వాట్సాప్ సందేశం పక్కన గంటలూ నిమిషాలే ఉంటాయి, తేదీ ఉండదు. తెరను కాస్త పైకి జరిపితే తేదీ పట్టీ కనిపిస్తుంది, దానితో కలిపి తీయండి. ఆ గ్రూపులో మీరు సభ్యులైతే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ప్రతి వాక్యానికీ తేదీ సమయం ఉన్న ఫైలు వస్తుంది. ఫేస్‌బుక్ పోస్టయితే పేరు కింద ఉండే సమయాన్ని నొక్కండి, ఆ పోస్టు సొంత లింకు తెరుచుకుంటుంది. అందరికీ కనిపించే వెబ్‌సైటులో ఉంటే, వెబ్ పేజీల పాత ప్రతులు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో ఆ పేజీని భద్రపరచండి. ఆ రోజున ఆ పేజీ ఎలా ఉందో మూడో మనిషి చేతిలో సాక్ష్యం ఉన్నట్టు. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

ఇక మీ వైపు ఆధారం. అసలు రాత ఎక్కడ, ఏ తేదీన పెట్టారో దాని లింకు. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే అందులో పాత ప్రతుల చరిత్ర ఉంటుంది. ఎవరికైనా ముందుగా మెయిల్లో పంపి ఉంటే ఆ మెయిలు. ఒక్క జాగ్రత్త: ఈ సమయంలో మీ అసలు పోస్టును ముట్టుకోకండి. అచ్చుతప్పు కనిపించినా సరే దిద్దకండి. దిద్దితే "తర్వాత మార్చింది" అని పక్కన పడుతుంది, వాదన అక్కడే మొదలవుతుంది. నేను ఆ ఉదయం చేసిన మొదటి ఘనకార్యం అదే. రెండేళ్లుగా కనిపించని ఒక వత్తు తప్పు సరిగ్గా ఆ రోజే కనిపించింది, దిద్దేశాను.

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి

అసలు రాత సంగతి చెప్పాలి. మా అమ్మ తెనాలి నుంచి మొదటిసారి బెంగళూరు వచ్చినప్పుడు కె.ఆర్. మార్కెట్‌కు తీసుకెళ్లాను. తోటకూర చూపించి ధర అడిగింది. ఆకుకూరలమ్మే ఆవిడ "దంటు సొప్పా?" అంది. కన్నడంలో సొప్పు అంటే ఆకుకూర. మా అమ్మకు తెలిసింది జొన్న చొప్ప ఒక్కటే. "గేదెకు కాదమ్మా, మాకే" అంది. ఆవిడకు తెలుగు వచ్చో రాకో గానీ, నవ్వి ఒక కట్ట కొసరు వేసింది. రాత మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

దొంగిలించిన ప్రతిలో కె.ఆర్. మార్కెట్ సికింద్రాబాదు మోండా మార్కెట్ అయింది. మా అమ్మ అత్తయ్య అయింది. కానీ మోండా మార్కెట్లో కూర్చున్న ఆవిడ కూడా "దంటు సొప్పా?" అనే అడుగుతోంది! అక్కడ తోటకూరను తోటకూర అంటే సరిపోతుంది, అప్పుడు నవ్వడానికేమీ మిగలదు. నాలుగో పేరాలో అత్తయ్య ఒకచోట మళ్లీ "మా అమ్మ" అయిపోయింది. కాపీ కొట్టేవాళ్లు పేర్లు మారుస్తారు గానీ, ఆ పేర్ల మీద నిలబడ్డ విషయాన్ని మార్చే ఓపిక ఉండదు. మీరు వెతకాల్సింది అదే: ఊరు మారినా మారని యాస, బంధుత్వం మారినా మారని క్రియ, మీరు చేసిన పొరపాటు యథాతథంగా అక్కడ ఉండడం. ఒకే నిజాన్ని ఇద్దరు విడివిడిగా రాయవచ్చు. ఒకే తప్పును అదే చోట ఇద్దరు విడివిడిగా చేయడం అరుదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇంకో సూక్ష్మమైన గుర్తు ఉంది. "ఆఫీస్‌లో" అని రాసినప్పుడు పొల్లు నిలిచి, ల విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పడాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే "ఆఫీస్లో" అని ల కిందికి దిగిపోతుంది. ఆ రాతలో నేను మొదటి నుంచి చివరి దాకా దాన్ని వేశాను. ఆ సికింద్రాబాదు ప్రతిలో నా వాక్యాలన్నింటిలో అది అలాగే ఉంది. వాళ్లు కొత్తగా చేర్చిన చోట్ల, "మోండా మార్కెట్లో" వంటి మాటల్లో, మాయమైంది. తెల్ల చొక్కాకు మరో తెలుపు గుడ్డతో అతుకు వేసినట్టు, ఎక్కడ చెయ్యి పెట్టారో వరుసగా తెలిసిపోయింది. నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించి పొట్టపోసుకునేవాణ్ని కాబట్టి ఇలాంటివి చూడడం అలవాటు. అంత దూరం పోనక్కరలేదు. మీకు ప్రత్యేకమైన వర్ణక్రమం, చుక్కలు పెట్టే తీరు, రెండు ఖాళీలు వదిలే అలవాటు ఉన్నా చాలు.

ఇంకెక్కడెక్కడ తిరుగుతోందో తెలుసుకోవాలంటే మీ రాతలో అరుదైన ఆరేడు మాటల వరుసను కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు లేని వాక్యం ఎంచుకోండి. ఆ కనిపించని అక్షరం ఒకచోట ఉండి మరోచోట లేకపోతే రెండూ వేరు మాటలని యంత్రం అనుకునే ప్రమాదం ఉంది. రాతను బొమ్మగా మార్చి తిప్పుతుంటే గూగుల్ లెన్స్ ఆ బొమ్మలోంచి తెలుగు అక్షరాలు తీసి ఇస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజు చేసిన పత్రికల పీడీఎఫ్‌లు మాత్రం వెతుకులాటకు దొరకవు, కళ్లతో చదవాల్సిందే.

ఈ మధ్య కృత్రిమ మేధతో తిరగరాయించి పెట్టేవాళ్లూ తయారయ్యారు. వాక్యాలు మారతాయి, సంఘటనల వరుస మారదు. అప్పుడు వాక్యాలను వదిలి, ఏ వివరం తర్వాత ఏ వివరం వచ్చిందో రెండు నిలువు వరుసలుగా రాసుకుని పోల్చండి. "ఇది యంత్రం రాసింది, 92 శాతం" అని చెప్పే పరికరాల మాట నమ్మి ఎవరినీ నిలదీయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన పరికరం సరిగ్గా గుర్తుపట్టలేకపోతోందని 2023 జూలైలో దాన్ని ఉపసంహరించుకుంది. అది ఇంగ్లీషు సంగతి. తెలుగు సంగతి మీరే ఊహించుకోండి.

జరిగింది ఏ రకం తప్పో తేల్చుకోండి

కాపీరైట్ ఉల్లంఘన, రచనా చౌర్యం ఒకటే అనుకుంటాం. కాదు. గురజాడ 1915లో చనిపోయారు. రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు గడిస్తే మన చట్టంలో కాపీరైట్ తీరిపోతుంది. కాబట్టి గురజాడ రాతను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. కానీ దాని కింద తన పేరు పెట్టుకుంటే అది చౌర్యమే, చట్టం పట్టుకోకపోయినా సరే. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. ఆయన పేరు భక్తిగా పెట్టి పుస్తకం పుస్తకమే గ్రూపులో వేస్తే చౌర్యం కాదు గానీ ఉల్లంఘన. మీ పేరు ఉంచి మీ రాత మొత్తం పెట్టినవారూ, మీ పేరు కొట్టేసి తమ పేరు పెట్టుకున్నవారూ ఇద్దరూ ఒకే గాటన కట్టదగ్గవారు కారు. మొదటివారికి చాలాసార్లు "లింకు కూడా ఇవ్వండి" అంటే సరిపోతుంది.

ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఆ మాట చెప్పింది: ఇతివృత్తం మీద, చారిత్రక విషయాల మీద కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది. రెండూ చదివిన మనిషికి "ఇది దానికి నకలే" అని తిరుగులేకుండా అనిపిస్తుందా అన్నదే పరీక్ష. మన ఆలంకారికులు కూడా శబ్దాన్ని హరించడం వేరు, అర్థాన్ని హరించడం వేరు అని వెయ్యేళ్ల క్రితమే తరగతులు విడగొట్టారు. కాబట్టి ఊరి నుంచి వచ్చిన అమ్మ బెంగళూరు భాషతో తికమకపడడం గురించి రేపు మరో పదిమంది రాస్తే నేను ఊరుకోవాల్సిందే. గోంగూర పచ్చడి దినుసుల జాబితా మీద కూడా ఎవరికీ హక్కు లేదు. దాని ముందు మీరు మీ నాయనమ్మ రోలు గురించి రాసుకున్న రెండు పేరాలు మాత్రం మీవి. విమర్శ కోసమో సమీక్ష కోసమో మీ పేరు చెప్పి నాలుగు వాక్యాలు ఎత్తిచూపడాన్ని కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అలాంటివారిపై విరుచుకుపడితే నవ్వులపాలయ్యేది మనమే.

అసలు తీసినవారు ఎవరో వెనక్కి నడవండి

అన్నింటికంటే నేను బాగా దెబ్బతిన్న చోటు ఇది.

వాట్సాప్‌లో ఒక సందేశం మీద రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని కనిపిస్తే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తున్నారు. అయినా మనవాళ్లు ఓపికగా ఒక్కొక్కరికీ పంపుతూనే ఉన్నారు. ఎవరు మొదలుపెట్టారో వాట్సాప్ చూపించదు. కాబట్టి మీకు పంపినవారిని అడగాలి, వారికి పంపినవారిని అడిగించాలి. "ఎవరు దొంగిలించారు" అని కాకుండా "ఇది మీకు ఎక్కడి నుంచి వచ్చిందండీ, బాగుంది, మొత్తం చదవాలనుంది" అంటే జనం సంతోషంగా చెబుతారు.

నేనేం చేశాను? అడుగున ఉన్న పేరు పట్టుకుని మా గ్రూపులో, ఇంకో రెండు గ్రూపుల్లో "ఈ పెద్దమనిషి దొంగ" అని రాసేశాను. పంతులుగారై ఉండి ఇదేం పని అని కూడా చేర్చాను. మధ్యాహ్నానికి సికింద్రాబాదు నుంచి ఫోన్. "నాయనా, నీ రాత నాకు మా పెద్దవాళ్ల గ్రూపులో వచ్చింది. బాగుందని నలుగురికి పంపాను. నేను రాశాననుకుని మా వాళ్లెవరో కింద నా పేరు చేర్చారు. నువ్వు నన్ను తిట్టావని మా మనవరాలు చదివి చెప్పింది." గొంతులో కోపం లేదు, అది ఉంటే నాకు సులువయ్యేది. మార్కెట్ మార్చినవారు, అమ్మను అత్తయ్య చేసినవారు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క పేరు నిర్దోషిది.

బహిరంగంగా దొంగ అన్నందుకు ఆయన నా మీద పరువునష్టం ఫిర్యాదు చేయవచ్చు కూడా. భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద దానికి రెండేళ్ల దాకా సాధారణ జైలుశిక్ష ఉంది. చెప్పింది నిజమై, చెప్పడం ప్రజాహితమైతే మినహాయింపు ఉంటుంది. నేను చెప్పింది నిజమే కాదు. మూడు గ్రూపుల్లోనూ క్షమాపణ రాశాను.

ముందు ఒంటరిగా, ఒక్కసారి, స్పష్టంగా అడగండి

మనిషి తెలిశాక నేరుగా ఆయనకు ఒక సందేశం. ఇప్పుడు నేను పంపే మాటలు దాదాపు ఇవి:

"నమస్కారం అండీ. నిన్న మీరు ఫలానా గ్రూపులో పెట్టిన రాత నేను రాసింది. రెండేళ్ల క్రితం నా ఫేస్‌బుక్‌లో పెట్టాను, లింకు ఇదీ. మీకు ఎవరో పంపి ఉండవచ్చు. దయచేసి అదే గ్రూపులో, ఆ రాతకే జవాబుగా, నా పేరూ ఈ లింకూ చేర్చండి. బుధవారం సాయంత్రంలోగా చేస్తే చాలు. మీకు పంపినవారెవరో చెప్పగలిగితే మరీ సంతోషం."

ఇందులో దొంగ, కేసు, సిగ్గు అనే మాటలు లేవు. ఏం కావాలో, ఎక్కడ కావాలో, ఎప్పటిలోగా కావాలో మాత్రం ఉంది. "ఏదైనా చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయరు. తప్పుకునే దారి ఒకటి వదిలాం కాబట్టి నిజంగా తీసుకున్నవారు కూడా "అవునండీ, ఎవరో పంపారు" అని దిద్దేస్తారు. ఆ అబద్ధాన్ని నేను నవ్వుతూ ఒప్పుకుంటాను. నాకు కావలసింది నా పేరు, వారి ఒప్పుకోలు కాదు. గుడ్డిగా కోర్టు బెదిరింపులు మాత్రం పంపకండి. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపులు పంపినవారి మీదే దావా వేసే అవకాశాన్ని కాపీరైట్ చట్టంలోని 60వ సెక్షన్ ఇస్తోంది.

అడ్మిన్ మీరే అయితే

మా కాలనీలో ఏటా ఉగాదికి కవితల పోటీ పెడతాం. ఒకసారి మొదటి బహుమతి, అంటే రాగి చెంబు, ఇచ్చేసిన మర్నాడు ఒక సభ్యుడు ఆ కవిత పాత వారపత్రికలో వచ్చిందని ఫొటో పెట్టాడు. పది నిమిషాల్లో గ్రూపు పంచాయితీ అయిపోయింది. మేం కంగారులో విజేతను గ్రూపులోంచి తీసేశాం. ఆవిడ తన పోస్టులన్నీ అంతకుముందే తుడిచేసింది. చివరికి మా దగ్గర ఆధారమూ లేదు, ఆవిడ మాటా వినలేదు, చెంబూ వెనక్కి రాలేదు.

ఇప్పుడు మా పద్ధతి వేరు. ఫిర్యాదు అడ్మిన్లకు విడిగా రావాలి, గ్రూపులో కాదు. ఎవరైనా గ్రూపులోనే మొదలుపెడితే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేని అమరికను ఒక పూట పెడతాం. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే పోస్టు తొలగిస్తాం. రాసినవారితో ఫోనులో మాట్లాడతాం, కవిత చదివించి "ఈ మాట ఎందుకు వాడారండీ, ఇక్కడ ముందు ఏం రాశారు" అని అడుగుతాం. సొంతంగా రాసినవారు అరగంట చెబుతారు, ఆపడం కష్టం. ఎత్తినవారు "అలా వచ్చేసింది" అంటారు. ఇది రుజువు కాదు, దారి చూపుతుందంతే.

తేలాక, మొదటిసారయితే అదే గ్రూపులో సవరణ రాయిస్తాం. అడ్మిన్‌కు చెవిలో చెప్పిన క్షమాపణ లెక్కలోకి రాదు, తప్పు ఎంతమందికి కనిపించిందో దిద్దుబాటూ అంతమందికి కనిపించాలి. మళ్లీ జరిగితే మేం చూశాకే వారి రాత గ్రూపులోకి వెళుతుంది. ఆ పైన తొలగింపే. పదో తరగతి పిల్లలైతే తొలగింపు ప్రసక్తే లేదు, వాళ్లకు బడిలో ఎవరూ ఇది నేర్పరు.

సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ జైలుకు పోతాడేమోనన్న భయం చాలామందికి ఉంది. సభ్యుడి అభ్యంతరకరమైన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అవి రచనా చౌర్యం కేసులు కావు, అయినా భయం కాస్త తగ్గించుకోవచ్చు. తెలిసి కూడా ఉంచితే అది వేరే సంగతి.

మాట వినకపోతే వేదికకు ఫిర్యాదు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మూడింటిలోనూ కాపీరైట్ ఫిర్యాదుకు విడిగా ఫారం ఉంటుంది. పోస్టు మీద మామూలుగా రిపోర్ట్ నొక్కితే చాలదు, ఆ ఫారమే నింపాలి. మీ అసలు రాత లింకు, వారి పోస్టు లింకు, ఇది నాదేనన్న ప్రకటన అడుగుతారు. ఇక్కడ ఒక సంగతి ముందే తెలుసుకోండి: ఫేస్‌బుక్‌లో మీ పేరూ మెయిలు చిరునామా అవతలివారికి వెళతాయి. ఇందుకోసం వేరే మెయిలు పెట్టుకోవడం మంచిది.

మన కథలను ఎవరో చదివించి, వెనక వేణువు వినిపించి యూట్యూబ్‌లో పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఉల్లంఘనకు యూట్యూబ్ వేసే హెచ్చరికలు, పడితే ఆ చానలే పోతుంది. అంత దూరం వద్దనుకుంటే, ఏడు రోజుల గడువిచ్చే ఫిర్యాదు కూడా అక్కడ ఉంది. ఆ లోపు వాళ్లే తీసేస్తే స్ట్రైకు పడదు. నేను దాన్నే వాడతాను.

మన దేశంలో కాపీరైట్ నిబంధనలు 2013లోని 75వ నిబంధన కింద కూడా రాతపూర్వకంగా అడగవచ్చు. ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ సేవ నడిపేవారు దాన్ని కనిపించకుండా చేయాలి. కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టేయవచ్చు. దావా వేస్తానని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి. అందుకే ముందు వేదిక సొంత ఫారమే తేలిక. వాట్సాప్ సందేశాల దగ్గర ఇవేవీ సాగవు. పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మరెవరికీ కనిపించకుండా అవి గుప్తీకరించి ఉంటాయి, తీసేయమని అడగడానికి మధ్యలో ఎవరూ ఉండరు.

కోర్టు దాకా ఎప్పుడు వెళ్లాలి

ఎవరో మీ రాతను పుస్తకంగా అచ్చువేసుకుంటే, పోటీలో నగదు గెలుచుకుంటే, దానితో డబ్బు సంపాదిస్తూ ఉంటే. ఫార్వర్డ్ కోసం వద్దు.

రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, నమోదు తప్పనిసరి కాదు. కావాలంటే ఒక సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, తగాదాలో నమోదు పత్రం బలమైన కాగితం. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసుకున్న తర్వాత కూడా "ఇది నేను రాశాను" అనే హక్కు రచయితదే. 62వ సెక్షన్ ప్రకారం దొంగ ఎక్కడున్నా మీరు నివసించే చోటే దావా వేయవచ్చు, అంటే బెంగళూరులో ఉన్నవారు సికింద్రాబాదు తిరగనక్కరలేదు. గడువు మూడేళ్లు. 63వ సెక్షన్ కింద నేరం కూడా: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఫోనులోని సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ స్థానంలో అదే అమల్లో ఉంది. సంఖ్య ఒకటే అయినా ఈ రెండు 63లూ వేర్వేరు చట్టాలవి, కలపకండి. మొదట తీసిన ఫోను పారేయకండి, మార్చినా దాచండి.

మీరే పంచుతుంటే

"సేకరణ" అని కింద రాస్తే పాపం పోయిందనుకునేవాళ్లు లెక్కలేనంతమంది. ఎక్కడ సేకరించారు? పొలంలోనా? "వాట్సాప్ నుంచి" అనడం "రోడ్డు మీద దొరికింది" అనడం లాంటిదే. పేరు తెలిస్తే పేరు, లింకు ఉంటే లింకు. తెలియకపోతే "రచయిత ఎవరో తెలియదు, తెలిసినవారు చెప్పగలరు" అనండి, చాలాసార్లు ఎవరో ఒకరు చెబుతారు. పేరు లేని మంచిమాట కింద అబ్దుల్ కలాం గారి పేరు పెట్టడం కూడా మానుకోండి, అది తిరగేసిన దొంగతనం. మీరు తెలియక ఎవరిదైనా మీ పేరుతో పెట్టి ఉంటే పోస్టు తీసేసి ఊరుకోకండి, పేరు దిద్ది ఉంచండి. అప్పటికే చదివినవారికి నిజం అలాగే చేరుతుంది.

రాసేవాళ్లకు ఒక చిన్న ఉపాయం. పేరు చివర పెడితే కత్తిరించడం అరసెకను పని. మన వాగ్గేయకారులు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. త్యాగరాజు తన పేరును చరణంలో కలిపేశారు, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ని పదం లోపలే నిలబెట్టారు, వేమన ప్రతి పద్యానికీ మకుటం తగిలించాడు. పీకితే పాట కుంటుతుంది, పద్యానికి కాలు విరుగుతుంది. వచనంలో కూడా అది సాధ్యమే. "మా అమ్మ నన్ను ఫలానా అని పిలుస్తుంది" అని మధ్యలో ఒక వాక్యం, మీ ఊరు, మీ వీధి, కథకు అవసరమైన చోటే. పీకాలంటే కథ మళ్లీ రాసుకోవాలి. ఆ ఓపిక వాళ్లకుంటే ఇంత దూరం వచ్చేవాళ్లు కారు.

మాస్టారు తన గ్రూపులో నా పేరు రాసి సవరణ పెట్టారు. ముగ్గురు బొటనవేలు చూపించారు, ఒకరు "శుభోదయం" అన్నారు. పోయిన వారం మా పిన్ని విజయవాడ నుంచి ఒక రాత పంపింది. ఈసారి అత్తయ్య అమ్మమ్మ అయింది, అడుగున నాకు తెలియని మూడో పేరు. మార్కెట్ కాళేశ్వరరావు మార్కెట్. ఆకుకూరల దగ్గర కూర్చున్న ఆవిడ ఇంకా "దంటు సొప్పా?" అనే అడుగుతోంది. స్క్రీన్‌షాట్ తీసుకుని, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోమని పిన్నికి రాశాను.